లాకు తెరిచేలోగా

బ్రన్స్‌విక్, జార్జియా
ఏప్రిల్ 6

మీనా వదినకు వెంగమ్మ నమస్కరించి రాస్తున్నది.

ఉత్తరం చూసి కంగారు పడకండి. ఇద్దరం క్షేమం. ఫోన్‌లో మాట్లాడొచ్చు కదా అంటారేమో. ఈ పడవ పొడవు ముప్ఫై నాలుగు అడుగులు. ఈ చివర గుసగుసలాడినా ఆ చివర మీ తమ్ముడికి వినపడుతుంది. మొన్న మీరు ఫోన్ చేసి "నిజం చెప్పు, బాగున్నావా?" అని అడిగినప్పుడు ఆయన నా మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. బాగున్నానని కాక ఏం చెప్పను? అందుకని రాస్తున్నాను. ఏడో తరగతి చదువు. తప్పులుంటే మీరే సర్దుకోండి. జవాబు రాస్తే కవరు వెనకున్న నార్ఫోక్ రేవు అడ్రసుకు రాయండి.

అల్ఫారెట్టాలో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి పన్నెండు రోజులైంది. సోఫా, మంచం, టీవీ ఎవరెవరో వచ్చి పట్టుకుపోయారు. పెళ్ళయి ఏడాదిన్నరైనా ఆ ఇల్లు నాదని ఎప్పుడూ అనిపించలేదు. గ్రైండర్ ఇచ్చేసేటప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. పడవలో గ్రైండర్ తిరిగేంత కరెంటు ఉండదట.

పడవ అచ్యుతరావు అంకుల్‌ది. సవానాలో గుండె డాక్టరుగా చేసి రిటైరయ్యారు. మోకాళ్ళ నొప్పులతో ఇక ఎక్కలేక మీ తమ్ముడికి అమ్మారు. వాళ్ళావిడ పేరే పడవకు పెట్టుకున్నారు, కామేశ్వరి అని. పేరు మార్చనని మీ తమ్ముడి చేత మాట తీసుకున్నారు. రేడియోలో ఈయన "దిస్ ఈజ్ కామేశ్వరి, కామేశ్వరి" అని గంభీరంగా చెబుతుంటే నాకు నవ్వొచ్చి లోపలికి వెళ్ళిపోతాను.

ఇక్కడి నుంచి తీరం వెంబడి న్యూయార్క్ దాకా పోయి, అక్కడ నదిలోకి తిరిగి, జూన్‌లో ఈరీ కాలువ ఎక్కి, దాని మీదుగా పెద్ద సరస్సులకు చేరాలట. ఆ కాలువలో లాకులు ఉంటాయి. మన పెదగంజాం లాకులు చిన్నప్పుడు చూశాం కదా, తుప్పు పట్టి, మగపిల్లలు ఎక్కి దూకేవాళ్ళు. ఇక్కడివి పని చేస్తాయట. పడవను గదిలాంటి దాంట్లో పెట్టి, తలుపులు మూసి, నీళ్ళు నింపి పైకి లేపుతారు. ఒకరు వెనక చుక్కాని దగ్గర ఉండాలి. ఇంకొకరు ముందు నిలబడి, గోడకు వేలాడే తాడు పట్టుకుని పడవ కదలకుండా చూడాలి. ముందుండేది నేనని మీ తమ్ముడు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. బొమ్మలో నాకు జడ కూడా వేశారు.

నాకు భయంగా ఉంది వదినా. ఆయనకు చెప్పలేదు. మీరూ చెప్పకండి.

వెంగమ్మ

చాండ్లర్, అరిజోనా
ఏప్రిల్ 14

వెంగీ,

నీ కవరు జంక్ మెయిల్ అనుకుని పారేయబోయాను. మీద నీ గుండ్రటి అక్షరాలు చూసి ఆగాను. స్టాంపు అంటించి ఉత్తరం రాసే మనిషి ఇంకా మన ఇంట్లో ఉందని మా నైనికకు చూపించాను. "ఈ అత్త ఫోన్ పోగొట్టుకుందా?" అని అడిగింది.

ఇంజనీరింగ్ చదివి, పదేళ్ళు ఉద్యోగం చేసి, చివరికి నీళ్ళ మీద డ్రమ్ములో కాపురం పెట్టినవాడు మన రెండు కుటుంబాల్లోనూ మా చక్రపాణి ఒక్కడే. వాడికి చిన్నప్పటి నుంచీ ఇంతే. ఏదో ఒకటి పట్టుకుంటాడు, ఆరు నెలలు ఊగుతాడు, వదిలేస్తాడు. కీబోర్డు కొన్నాడు, సైకిల్ కొన్నాడు, ఇప్పుడు పడవ. ఆ సైకిల్, కీబోర్డు కొన్నప్పుడు వాడికి పెళ్ళాం లేదు కాబట్టి నేనేమీ అనలేదు.

జాగ్రత్తగా విను. నేను ఆన్‌లైన్‌లో చదివాను. కాలువ మీద వంతెనలు తక్కువ ఎత్తులో ఉంటాయి, అందుకని ముందే మాస్ట్ దింపేయాలి. తెరచాప కట్టే కొయ్యే లేకపోతే అది పడవేంటి, తేలే దుంగ. అక్కడ వాడికి కచ్చితంగా విసుగొస్తుంది. అప్పుడు నువ్వు ఏడు. నిజంగా ఏడవక్కర్లేదు, ముక్కు ఎర్రగా ఉంటే చాలు. మిగతాది నేను మాట్లాడతాను. అందాకా నీకు ఎంత భయంగా ఉందో నాకు రాస్తూ ఉండు. వాడికి చూపించడానికి పనికొస్తుంది.

మీ పవన్ అన్నయ్య నిన్ను అడిగానని రాయమన్నాడు. పని ఎక్కువై ఫోన్‌లో దొరకడం లేదు.

మీనా

నార్ఫోక్, వర్జీనియా
మే 15

మీనా వదినకు,

మీ ఉత్తరం ఈ పడవల రేవు ఆఫీసులో మూడు వారాలుగా నా కోసం ఎదురు చూస్తోంది. అక్కడి ఆవిడ "కామేశ్వరీ, లెటర్!" అని కేక వేసింది. రేవుల్లో అందరూ పడవ వెనక ఉన్న పేరు చదివి నన్ను అలాగే పిలుస్తున్నారు. నేను సరిదిద్దలేదు. సరిదిద్దాలంటే ఆగి మాట్లాడాలి.

తీరానికి లోపలగా కాలువలూ ఏళ్ళూ కలిపి ఒక దారి ఉంది. సముద్రంలోకి పోకుండానే ఇంత దూరం వచ్చాం. టీ రంగు నీళ్ళు. రెండు పక్కలా మనిషి ఎత్తు గడ్డి. దిక్కులు చెప్పే ఎర్ర, పచ్చ స్తంభాల మీద గద్దలు గూళ్ళు పెట్టుకుని, మనం దగ్గరికి పోతే తిట్టినట్టు అరుస్తాయి. ఒక్కో ఉదయం కొంగలు బారులు తీరి నిలబడి ఉంటాయి. మన టంగుటూరులో పొగాకు ఆరబెట్టే బేరన్ ముందు కూలి కోసం పొద్దున్నే మేము నిలబడినట్టు.

పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా మీ తమ్ముడికి ఆఫీసు మీటింగులు. ఇంకా ఆ కాంట్రాక్టు ఉద్యోగం వదల్లేదు కదా. లోపల లాప్‌టాప్ ముందు కూర్చుంటారు. పడవ తన దారిన తాను పోతుంటుంది. నేను పైన ఉంటాను.

ఇక్కడ ఇంజనుకు ఏదో పైపు మార్చాలని మూడు రోజులుగా కట్టేసి ఉన్నాం. ఎందుకో నా కాళ్ళు నిలవడం లేదు. రేవు మీద ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తున్నాను. బట్టలు ఉతికాను, పొయ్యి తుడిచాను, మళ్ళీ తుడిచాను. తాళ్ళు విప్పితే బాగుండుననిపిస్తోంది.

భయం అలాగే ఉంది. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

అన్నయ్య కులాసానా? నైనికకు ముద్దులు.

వెంగమ్మ

చాండ్లర్
జూన్ 4

వెంగీ,

భయమని ఒక లైను, కొంగల మీద అర పేజీ. ఇది చక్రికి చూపిస్తే నాకే చీవాట్లు పడతాయి. ఏడవమన్నది మర్చిపోయావా?

ఇక్కడ నూట ఎనిమిది డిగ్రీలు. కారు స్టీరింగ్ పట్టుకుంటే చేయి కాలుతోంది. నైనికకు సెలవులిచ్చారు. పగలు సమ్మర్ క్యాంపులో దింపి ఆఫీస్‌కి పోతున్నాను. ముద్దులు పంపావని దానికి చెప్పాను.

మాస్ట్ దించగానే రాయి. అదే టైము.

మీనా

వాటర్‌ఫర్డ్, న్యూయార్క్
జూన్ 23

మీనా వదినకు,

మాస్ట్ దించేశారు. పోయిన మంగళవారం క్యాట్‌స్కిల్ అనే ఊళ్ళో క్రేన్ పెట్టి పైకి లాగి, మెల్లగా పడవ మీదే పడుకోబెట్టారు. దాని కింద పెట్టడానికి మీ తమ్ముడు చెక్కలు కోసి మూడు చోట్ల కత్తెర ఆకారంలో బిగించారు. మాస్ట్‌ను నిలబెట్టే తీగలు పన్నెండు ఉన్నాయి. మళ్ళీ నిలబెట్టేటప్పుడు ఏది ఎక్కడిదో తెలియాలని వాటికి గుర్తులు కట్టే పని నాకిచ్చారు. బేరన్‌లో కర్రలకు ఆకు కట్టిన చేతులు కదా, గంటలో అయిపోయింది. పడవ రెండు వైపులా గోడ తగలకుండా గాలి నింపిన బుడ్లు వేలాడదీసి, వాటి పైన పొడుగాటి పలక కట్టాం. లాకు గోడల తాళ్ళు పాచి పట్టి జారుతాయని రబ్బరు చేతి తొడుగులు కొన్నారు. నావి పెద్దవయ్యాయి.

మీరు అనుకున్నట్టు ఆయనకు విసుగు రాలేదు. మాస్ట్ కొస పడవకు ముందు ఆరడుగులు, వెనక మూడడుగులు పొడుచుకొచ్చి ఉంటే, దాని కింద వంగి తిరుగుతూ ఈల వేసుకున్నారు.

నిన్న ట్రాయ్ దగ్గర మొదటి లాకు దాటాం. చిన్న గీత పడింది. మాస్ట్ కొసనున్న దీపం పగిలింది. కొత్తది వచ్చేదాకా ఇక్కడ పడవల యార్డులో ఉంటాం. కంగారు పడాల్సిందేమీ లేదు.

మీ తమ్ముడు బాగానే ఉన్నారు. ఈల వేయడం లేదు.

వెంగమ్మ

చాండ్లర్
జూన్ 27

వెంగీ,

చిన్న గీత అని రాశావు. చక్రి నాకు అదే రోజు ఫోన్ చేశాడు. లాకులో నీళ్ళు నిండుతుంటే నువ్వు తాడు వదిలేసి నడుచుకుంటూ వెళ్ళావట కదా. పడవ అడ్డం తిరిగి మాస్ట్ గోడను గుద్దిందట. లాకు మనిషి మైకులో అరిచాడట. నీ చేయి ఆ మధ్యలో ఉంటే? వాడు నిన్ను ఒక్క మాట కూడా అనలేదని చెప్పాడు. "దానికి భయం అక్కా, నేను అర్థం చేసుకోలేదు, బలవంతంగా లాక్కొచ్చాను" అన్నాడు. వాడి గొంతు అలా విని చాలా ఏళ్ళయింది.

అందుకని ఇద్దరం మాట్లాడుకుని తేల్చేశాం. అక్కడి నుంచి ఐదు లాకులు వరసగా ఉన్నాయట. వాటికి రుత్విక్‌ను పిలుస్తున్నాడు. అల్ఫారెట్టాలో మీ ఎదురు ఫ్లాట్ రుత్విక్, నీకు తెలుసుగా. జులై పన్నెండో తారీఖుకి వస్తాడు. నీకు జులై 11న ఆల్బనీ నుంచి ఫీనిక్స్‌కి టికెట్ బుక్ చేశాను. వాడు సరస్సులు తిరిగి ఏం సాధిస్తాడో సాధించనీ. నువ్వు ఇక్కడ హాయిగా నేల మీద ఉండు. నీకు గది సిద్ధం చేశాను, కొత్త కర్టెన్లు కూడా వేశాను. గ్రైండర్ ఉంది.

నీ అంతట నువ్వు అడగవని తెలుసు. అందుకే అడగకుండానే చేశాను.

మీనా

వాటర్‌ఫర్డ్
జులై 2

మీనా వదినకు,

టికెట్ అందింది. కర్టెన్ల ఫోటో మీ తమ్ముడు ఫోన్‌లో చూపించారు. బాగున్నాయి.

మీకు రెండు సంగతులు రాయలేదు. ఇప్పుడు రాస్తాను.

మొదటిది. ఆ రోజు నేను తాడు వదిలింది భయంతో కాదు. నీళ్ళు నిండుతున్నాయి, పడవ లేస్తోంది. గోడలో ఒక ఇనుప నిచ్చెన ఉంది. మాస్ట్ కొస ఆ నిచ్చెన సందులోకి పోతోంది. ముందున్న నాకు కనపడుతోంది, వెనకున్న ఆయనకు కనపడదు. ఒక్క కేక వేస్తే చాలు. ఏమని వేయను? "ఏమండీ" అన్నాను. ఇంజను చప్పుడు, నీళ్ళ హోరు. "ఇదిగో, మిమ్మల్నే" అన్నాను. ఆయన వెనక తాడు వైపు చూస్తున్నారు. గట్టు మీద పదిమంది నిలబడి మమ్మల్ని ఫోటోలు తీస్తున్నారు. అంతమంది ముందు మొగుణ్ణి పేరు పెట్టి అరవడం నా వల్ల కాలేదు వదినా. దగ్గరికి పోయి చెబుదామని తాడు వదిలి, మాస్ట్ కింద వంగి నడుచుకుంటూ వెళ్ళి, ఆయన భుజం తట్టి "మాస్ట్ తగిలేటట్టుంది" అన్నాను. అంటుండగానే తగిలింది.

ఈ మాట ఆయనకు చెప్పలేదు. చెబితే నవ్వుతారని. నవ్వినా బాగుండేది. ఆయన జాలి పడుతున్నారు. నా చేతిలో గిన్నె కూడా తీసుకుని తానే కడుగుతున్నారు.

రెండోది. పడవ తన దారిన తాను పోతుందని రాశాను. ఏ పడవా పోదు. మీటింగులు ఉన్నంతసేపూ నడిపింది నేనే. మొదట్లో పది నిమిషాలు పట్టుకోమన్నారు, తర్వాత గంట, తర్వాత ఆయన పైకి రావడమే మానేశారు. జార్జియా, రెండు కరోలినాలు, వర్జీనియా. వంతెన తెరిచేదాకా ఎదురు గాలిలో పడవను ఒక్క చోట నిలబెట్టడం నాకు వచ్చు. ఆఫీసు వేళ నాకు అప్పగించానంటే బాగుండదని కాబోలు, ఆయనా మీకు చెప్పలేదు. మీరు భయం గురించి రాయమన్నారు. చుక్కాని కర్ర చేతిలో ఉన్నప్పుడు నాకు భయం వేయదు. ఏం రాయాలో తోచక కొంగల గురించి రాశాను.

ఇప్పుడు పది రోజులుగా ఈ యార్డులో గట్టు పక్కన ఉన్నాం. ఆ ఐదు లాకుల్లో మొదటిదాని తలుపులు ఇక్కడికే కనపడతాయి. రోజూ ఎవరో ఒకరు లోపలికి పోతారు, తలుపు మూసుకుంటుంది, కాసేపటికి వాళ్ళు పైన ఎక్కడో తేలతారు. చూసి చూసి నాకు అన్నం సయించడం లేదు.

రానని చెప్పడం లేదు. మీరు పెద్దవాళ్ళు, రమ్మంటే వస్తాను. ఒక్కటి అడుగుతాను, కోప్పడకండి. ఏప్రిల్ నుంచి మీ ఉత్తరాల్లో అన్నయ్య ఒక్కసారే కనపడ్డారు. ఆదివారం రాత్రి ఫోన్‌లో నైనిక "డాడీ హౌస్‌లో డాగ్ ఉంది" అంది. మీ ఇంట్లో కుక్క లేదు కదా.

వెంగమ్మ

చాండ్లర్
జులై 5

వెంగీ,

పిల్లల నోట్లో నువ్వుగింజ నానదు.

పవన్ ఫిబ్రవరిలో వెళ్ళిపోయాడు. టెంపీలో అపార్ట్‌మెంట్ తీసుకున్నాడు, కుక్కను పెంచుకుంటున్నాడు. ఇంకెవరో ఉన్నారని కాదు. ఉంటే చెప్పుకోవడానికి సులువుగా ఉండేది. నాతో ఉంటే ఊపిరి ఆడటం లేదన్నాడు, అంతే. అమ్మకు తెలియదు, చక్రికి తెలియదు. గుడిలో ఆంటీలు అడిగితే ట్రావెల్ చేస్తున్నాడని చెబుతున్నాను. ఐదు నెలలుగా ఎక్కడికి ట్రావెల్ అని ఎవరూ అడగరు. తెలిసే ఉంటుంది.

శని, ఆదివారాలు నైనికను పవన్ తీసుకుపోతాడు. ఏసీ ఆగితే ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నీకు తెలియదు. మళ్ళీ అది ఆన్ అయ్యేదాకా గోడ చూస్తూ కూర్చుంటాను. కారెక్కి ఊరికే హైవే మీద తిరిగి వస్తాను.

నిన్ను రమ్మన్నది నీ మంచి కోసం కాదు. పడవ మునుగుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. నాకు ఇంట్లో మనిషి కావాలి. నువ్వు ఎక్కువ మాట్లాడవు, ఏమీ అడగవు, అందుకే నువ్వైతే బాగుంటుందనుకున్నాను. తీరా చూస్తే అందరిలోకీ నువ్వొక్కదానివే అడిగావు.

చక్రికి చెప్పకు. టికెట్ పదకొండున.

మీనా

స్కెనెక్టడీ దగ్గర, ఈరీ కాలువ
జులై 10

మీనా వదినకు,

మీ ఉత్తరం చదివి పడవ ముందుకు పోయి చాలాసేపు కూర్చున్నాను. ఆయన రెండుసార్లు వచ్చి ఏమైందని అడిగారు. మీ సంగతి చెప్పలేదు. చెప్పాల్సింది మీరు.

వదినా, నేను రేపు రావడం లేదు. ఈ ఉత్తరం అందేలోగా మీరు ఎయిర్‌పోర్టుకు పోతారని, ఆ మాట వరకూ ఆయన చేత మెసేజ్ పెట్టిస్తున్నాను.

ఇది మీకు చెప్పడానికి ముందు ఆయనకు చెప్పాలి కదా. ఎనిమిదో తారీఖు పొద్దున దీపం బిగించి చేతులు తుడుచుకుంటుంటే, టికెట్ వద్దన్నాను. ఆయన నా వైపు చూడకుండా, "లాకులో మళ్ళీ తాడు పట్టుకోగలవా?" అన్నారు.

"నేను పట్టుకోను. మీరు పట్టుకోండి."

"నేను ముందుంటే పడవ ఎవరు నడుపుతారు?"

"జార్జియా నుంచి ఇక్కడికి ఎవరు నడిపారు?"

అప్పుడు ట్రాయ్‌లో జరిగింది చెప్పాను, పేరు పెట్టి పిలవలేకపోయిన సంగతి. ముందు నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "మరి ఇప్పుడైనా పిలవాలిగా, వెంగీ?" అన్నారు. అక్కర్లేదన్నాను. ముందున్నవాళ్ళకే అన్నీ కనపడతాయి, కేక వేయాల్సింది వాళ్ళే. ఆయన ఎంతసేపైనా అరవగలరు, ఆఫీసు మీటింగుల్లో వింటూనే ఉన్నాను. నాకు వినపడితే చాలు. రుత్విక్‌కు రావద్దని మెసేజ్ పెట్టారు.

నిన్న పొద్దున పోయాం. ఐదు లాకులు, ఒకదాని మీద ఒకటి. మొదటిదాంట్లో గోడ దగ్గరికి మరీ నెమ్మదిగా పోయాను, నీటి తోపుకు వెనక భాగం పక్కకు జరిగింది. ఆయన ముందు నుంచి "ఎడమకి! ఇంకా ఎడమకి!" అని అరుస్తుంటే గట్టు మీద వాళ్ళందరూ చూశారు. చూడనీ అనుకున్నాను. రెండోదాంట్లో పాచి తాడు జారి ఆయన వెనక్కి కూలబడ్డారు. చేతి తొడుగులు ఆయనకూ పెద్దవేనట. మూడోదాని నుంచి కుదిరింది. గోడ పక్కన ఆపి, ఇంజను తగ్గించి, వెనక తాడు నేను అందుకున్నాను. చల్లటి గోడ, పైన ఆకాశం ముక్క. నీళ్ళు కింది నుంచి తోసుకొస్తుంటే పడవ లేచింది. గడ్డి కనపడింది, తర్వాత చెట్లు, తర్వాత మనుషుల చెప్పులు, మొహాలు. ఐదోది దాటేసరికి నా బ్లౌజు వీపంతా తడిసిపోయింది. ఆయన ముందు నుంచి నా దగ్గరికి వచ్చి మంచినీళ్ళ సీసా ఇచ్చి వెళ్ళిపోయారు.

మీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను. ఇంట్లో మనిషి కావాలని ఏప్రిల్లోనే రాసి ఉంటే, మూట కట్టుకుని మర్నాడే వచ్చేదాన్ని. అప్పటికి నాకు ఎక్కడైనా ఒకటే. మీరు నన్ను ఏడవమన్నారు, భయం రాయమన్నారు. మీ ఏడుపు మాత్రం రాయలేదు. ఇప్పుడు నాకు వెళ్ళాలని ఉంది. ముందు ఇంకా పదిహేను పైన లాకులున్నాయి, తర్వాత అవతలి ఒడ్డు కనపడని సరస్సట. మీరొక్కరే గోడ చూస్తూ కూర్చున్నారని తెలుసు. అయినా వెళ్ళాలనే ఉంది. నేను ఇలాంటి మనిషినని నాకే తెలియదు.

మీరే రండి. నైనికకు సెలవులే కదా. ముందు భాగంలో ఇద్దరు పడుకునే చోటుంది, మాస్ట్ కింద వంగి రావాలి, అంతే. ఇక్కడ నిశ్శబ్దం ఉండదు. పంపు మోగుతుంది, తాళ్ళు కొట్టుకుంటాయి, మీ తమ్ముడు నిద్రలో కూడా రేడియోలో మాట్లాడినట్టు మాట్లాడతారు. ఏమీ చెప్పాలని లేకపోతే చెప్పొద్దు, నేనూ అడగను. చెప్పాలనిపిస్తే మాత్రం ఆయనకు వినపడుతుంది, దానికి ఏమీ చేయలేం.

లిటిల్ ఫాల్స్ అనే ఊళ్ళో ఆగుతున్నాం. అక్కడ నలభై అడుగుల లాకు ఉంది. విమానం దిగి గంటన్నర కారులో వస్తే రేవు. పంతొమ్మిది సాయంత్రం దాకా చూస్తాం. ఇరవై పొద్దున ఎనిమిదింటికి లాకు తెరుస్తారు. తెరవగానే లోపలికి పోతాం వదినా, మీరు వచ్చినా, రాకపోయినా.

వెంగమ్మ